మంచం పక్కనున్న మనిషి పేరు కాగితం మీదకు ఎక్కాలంటే: బెంగళూరు తెలుగు కుటుంబాల కోసం

చిక్కు మాట దగ్గరే మొదలవుతుంది. అత్తగారిని పక్క తిప్పి, డైపర్ మార్చి, గొట్టంలో జావ పోసే కోడలిని తెలుగులో ఏమనాలి? "చూసుకుంటోంది" అంటాం. పనికి మాట ఉంది, పని చేసే మనిషికి లేదు. అర్జీలో "సంరక్షకురాలు" అని రాస్తే ఆఫీసులో దాన్ని గార్డియన్ అని చదువుతారు. గార్డియన్ అంటే చట్టరీత్యా సంతకం పెట్టే అధికారం ఉన్న మనిషి. అందుకు వేరే ఉత్తర్వు కావాలి, వేరే ఆఫీసు తిరగాలి. ఆసుపత్రిలో ఈమెను "అటెండర్" అంటారు, అంటే పాస్ మెడలో వేసుకుని ఫార్మసీకి పరిగెత్తే మనిషి.

కన్నడంలో ఈ పనికి సరిపోయే మాట ఉంది: ఆరైకెదారరు. బెంగళూరులో ఏ అర్జీ పెట్టినా ఆ మాటే రాయండి. ఫారం ఇంగ్లీషులో ఉంటే కేర్‌గివర్ అన్న కాలమ్ వెతకండి, గార్డియన్ కాలమ్‌లో పేరు ఇరికించకండి. ఈ ఒక్క పొరపాటుతోనే "గార్డియన్‌షిప్ సర్టిఫికెట్ ఏది?" అంటూ దరఖాస్తు వెనక్కి వస్తుంది.

చట్టంలో ఇప్పటికే ఉన్నది

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం సెక్షన్ 2(డీ)లో కేర్‌గివర్‌కు నిర్వచనం ఉంది. తల్లిదండ్రులు, ఇతర కుటుంబ సభ్యులతో సహా, డబ్బు తీసుకునిగానీ తీసుకోకుండాగానీ వికలాంగులకు సేవ, ఆసరా, సాయం అందించే ఎవరైనా సరే కేర్‌గివరే. కోడలు వస్తుంది, మేనకోడలు వస్తుంది, పెళ్లి చేసుకోకుండా ఉండిపోయిన చిన్నన్న కూడా వస్తాడు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కూడా అదే దారిలో, రోగితో కలిసి ఉంటూ ఉచితంగానో జీతానికో బాధ్యత మోసే మనిషిని గుర్తించింది.

డబ్బు సంగతి 2016 చట్టం సెక్షన్ 24లో ఉంది. ఎక్కువ ఆసరా అవసరమైన వికలాంగుల విషయంలో కేర్‌గివర్ భత్యం ఇచ్చే పథకాలు పెట్టాలని అక్కడ రాశారు. కానీ అదే సెక్షన్ మొదట్లో "ప్రభుత్వ ఆర్థిక స్తోమత మేరకు" అన్న మాట కూడా ఉంది. అధికారి వేలు పెట్టి చూపించేది ఆ మాటనే. కాబట్టి "ఇది నా హక్కు" అని మాత్రమే వాదిస్తే చర్చ అక్కడే ఆగిపోతుంది. "పథకం ఎక్కడుంది, ఎంతమందికి ఇచ్చారు, మిగతావాళ్లను ఏ కారణంతో వదిలేశారు" అని అడిగితే ముందుకు కదులుతుంది.

తల్లిదండ్రుల పోషణకు సంబంధించిన 2007 చట్టంలో మాత్రం విచిత్రం ఉంది. పిల్లలు అంటే కొడుకు, కూతురు, మనవడు, మనవరాలు అని రాశారు. కోడలి పేరు లేదు. బాధ్యత ఆమె మీద లేదని సంతోషించాలో, పని మొత్తం ఆమె చేస్తుంటే లెక్కలో లేదని బాధపడాలో!

గంటల పుస్తకం

మిగతా పనులన్నిటికీ ఆధారం ఇదే కనుక దీని మీద ఎక్కువ శ్రద్ధ పెట్టండి. "రోజంతా సరిపోతోందండీ" అన్న మాట ఎవరికీ ఎక్కదు. "రోజుకు 7 గంటల 30 నిమిషాలు, రాత్రి 3 సార్లు లేవడం" అంటే పెన్ను తీసి రాసుకుంటారు.

పద్ధతి కోసం తంటాలు పడక్కర్లేదు. కేంద్ర గణాంక శాఖ చేసే టైమ్ యూజ్ సర్వేలో రోజును తెల్లవారుజామున 4 గంటల నుంచి మర్నాడు 4 గంటల వరకు తీసుకుని, అరగంట గళ్లుగా విడగొడతారు. మీరూ అలాగే చేయండి. 200 పేజీల రూళ్ల నోటుబుక్కు చాలు. ఒక రోజుకు రెండు పేజీలు, 48 గీతలు. గీతకు చివర రెండక్షరాల్లో ఒకటి వేయండి: చేతులతో చేసిన పనికి "చే", పక్కన ఉండి కనిపెట్టుకుని ఉంటే "కా", అంటే కాపలా. పక్షవాతం వచ్చి మంచాన ఉన్న మనిషి ఇంట్లో ఒక పొద్దుట ఇలా ఉంటుంది:

4:30 – పక్క తిప్పడం, తడిసిన డైపర్ మార్చడం – చే
5:00 – నిద్ర
6:00 – యూరిన్ బ్యాగ్ ఖాళీ చేయడం, ఎంత వచ్చిందో రాయడం – చే
6:30 – తిప్పడం, వీపుకు, మడమలకు పుండ్లున్నాయేమో చూడడం – చే
7:00 – తల ఎత్తిపెట్టి గొట్టంలో 200 మి.లీ. జావ, మాత్రలు పొడి చేసి నీళ్లతో – చే
7:30 – తల దించకుండా అరగంట, పక్కనే కూర్చోవడం – కా
8:00 – ఒళ్లు తుడవడం, బట్టలు, పక్కగుడ్డ – చే

వరుసగా 14 రోజులు రాయండి. అందులో ఒక ఆదివారం, ఒక ఆసుపత్రి రోజు తప్పక ఉండాలి. ఓపీ రోజు ఇంటి నుంచి బయల్దేరిన దగ్గర్నుంచి తిరిగి చేరేదాకా రాయండి. మారతహళ్లి నుంచి నిమ్హాన్స్‌కు వెళ్లి రావడంలో సగం రోజు ట్రాఫిక్‌లోనే పోతుంది, అదీ పనే.

చెడేది రెండు చోట్ల. ఒకటి, మర్నాడు జ్ఞాపకం మీద నింపడం. అలా నింపిన పుస్తకంలో అన్నీ సరిగ్గా ఒక గంట, రెండు గంటలే ఉంటాయి, చూసిన వెంటనే తెలిసిపోతుంది. రెండు, 24 గంటలూ సేవే అని రాసేయడం. చేతిపని, కాపలా కలిపేస్తే మొత్తం లెక్క మీదే అనుమానం వస్తుంది. రాత్రి లేచిన టైమూ, మళ్లీ పడుకున్న టైమూ విడిగా రాయండి, ఎందుకంటే ముక్కలైన నిద్రను ఏ మొత్తమూ చూపించదు. ప్రతి పేజీ కింద తేదీ, సంతకం.

ఇప్పుడు రూపాయల్లోకి మార్చాలి. మీ ఏరియాలో రెండు మూడు హోమ్ నర్సు ఏజెన్సీలకు ఫోన్ చేసి 12 గంటల డ్యూటీకి నెల రేటు వాట్సాప్‌లో రాయించుకోండి, నోటిమాట పనికిరాదు. ఉదాహరణకు నెలకు 21,600 చెప్పారనుకోండి. 12 గంటలు, 30 రోజులు, మొత్తం 360 గంటలు. గంటకు 60 రూపాయలు. మీ చేతిపని రోజుకు 7 గంటలైతే నెలకు 210 గంటలు, అంటే 12,600 రూపాయలు. కాపలాకు రేటు కట్టకండి, గంటలు మాత్రం పక్కన చూపించండి. లెక్క కొంచెం తక్కువగా వేసినట్టు కనిపిస్తేనే నమ్ముతారు.

ఇలా లెక్కగట్టడం అమ్మానాన్నల సేవకు ధర కట్టడమేనని ఇంట్లో ఎవరో ఒకరు నొచ్చుకుంటారు. ఇంటిపనికి విలువ కట్టడం సుప్రీంకోర్టు చేసిన పనే అని చెప్పండి. 2021 జనవరిలో కీర్తి వర్సెస్ ఓరియంటల్ ఇన్సూరెన్స్ తీర్పులో మన జస్టిస్ ఎన్.వి. రమణ విడిగా రాసిన అభిప్రాయంలో 2019 టైమ్ యూజ్ సర్వే అంకెలే ఎత్తి చూపించారు: జీతం లేని ఇంటిపనికి ఆడవాళ్లు రోజుకు 299 నిమిషాలు, మగవాళ్లు 97. 2024 సర్వే ప్రకారం 15–59 ఏళ్ల ఆడవాళ్లలో 41 శాతం ఇంట్లోవాళ్లను చూసుకునే పనిలో ఉన్నారు, మగవాళ్లలో 21.4 శాతం. ఇందులో పిల్లల పెంపకం కూడా కలిసి ఉంది. అర్జీలో ఈ అంకె వాడేటప్పుడు ఆ మాట రాయడం మర్చిపోకండి, లేకపోతే తెలిసినవాళ్లు పట్టుకుంటారు.

ఆసుపత్రి కాగితాలు

డిశ్చార్జ్ ముందురోజే వార్డులో అడగండి, బిల్లు కట్టిన తర్వాత వినేవాళ్లుండరు. డిశ్చార్జ్ సమ్మరీలో "ఇంటి దగ్గర ప్రధానంగా చూసుకునేవారు" అని పేరు, బంధుత్వం ఒక వాక్యం రాయించుకోవాలి. ఇంటికి వెళ్లాక రోజూ ఏమేం చేయాలో కూడా అందులోనే రాయించండి: ఎన్ని గంటలకొకసారి పక్క తిప్పాలి, గొట్టం ఎన్ని రోజులకు మార్చాలి, ఎలాంటప్పుడు వెంటనే తీసుకురావాలి. తర్వాత ఎవరైనా "ఇంట్లో కూర్చునేదానికి కష్టమేముంది" అంటే ఆ కాగితమే సమాధానం. గొట్టం, క్యాథెటర్, మంచం నుంచి కుర్చీకి మార్చడం నర్సు ముందు మీ చేతులతో ఒక్కొక్కటీ రెండుసార్లు చేసి చూపించి గానీ వార్డు వదలకండి.

మానసిక వ్యాధి అయితే దారి ఇంకా సులువు. రోగి మనసు నిలకడగా ఉన్న సమయంలో తెల్లకాగితం మీద నామినేటెడ్ రిప్రజెంటేటివ్‌గా, అంటే తన తరఫు మనిషిగా, మీ పేరు రాసి సంతకమో వేలిముద్రో వేస్తే చాలు, స్టాంపు పేపరు అక్కర్లేదు. దాంతో జబ్బు గురించీ చికిత్స గురించీ సమాచారం అడిగే హక్కు, డిశ్చార్జ్ ప్లానింగ్‌లో కూర్చునే హక్కు వస్తాయి. మీ సొంత నిద్ర, బెంగ, కోపం గురించి మాట్లాడాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేసి తెలుగు అడగండి.

కార్డు, భత్యం, పింఛన్

భత్యానికైనా, పన్ను మినహాయింపుకైనా చూసుకోబడే మనిషికి ముందు యూడీఐడీ కార్డు, అంటే వికలాంగుల గుర్తింపు కార్డు ఉండాలి. దరఖాస్తు స్వావలంబన్ పోర్టల్‌లో. వైకల్యం 40 శాతం, ఆపైన ఉంటే పసుపు గీత, 80, ఆపైన ఉంటే నీలం గీత ఉన్న కార్డు వస్తుంది. శాతం నిర్ణయించే రోజున మన పెద్దవాళ్లు కొంప ముంచుతారు. ఇంట్లో కొడుకును గుర్తుపట్టని మనిషి డాక్టరు ముందు ఒళ్లు సరిచేసుకుని "అంతా బాగానే ఉంది సార్" అంటాడు. మానసిక వ్యాధులకు వాడే ఐడియాస్ స్కేలులో స్వయంగా చేసుకోగల పనులు, మనుషులతో మెలగడం, మాటా అవగాహనా, పని అని నాలుగు భాగాలున్నాయి. గంటల పుస్తకంలోని విషయాలను ఆ నాలుగు శీర్షికల కింద ఒక పేజీకి కుదించి ఇవ్వండి. డాక్టర్‌కు టైము తక్కువ, పుస్తకం మొత్తం చదవరు.

డిమెన్షియా (మతిమరుపు జబ్బు) ఉన్న ఇళ్లకు ఇక్కడ ప్రత్యేకంగా ఒక మాట. 2016 చట్టంలోని 21 వైకల్యాల జాబితాలో డిమెన్షియా పేరు లేదు, పార్కిన్సన్స్ ఉంది. లేదని తిప్పి పంపితే జాబితా భాష చూపించండి. దీర్ఘకాలిక నాడీ వ్యాధులు, మల్టిపుల్ స్క్లెరోసిస్, పార్కిన్సన్స్ "వంటివి" అని రాశారు. "వంటివి" అంటే అవి ఉదాహరణలే అన్నది మన వాదన. ఒప్పుకోకపోతే తిరస్కరణ రాతపూర్వకంగా తీసుకోండి. ఆ కాగితం తర్వాత ఉమ్మడి అర్జీలో బంగారం.

కర్ణాటక 2024–25 బడ్జెట్‌లో సెరిబ్రల్ పాల్సీ, మస్క్యులర్ డిస్ట్రఫీ, పార్కిన్సన్స్, మల్టిపుల్ స్క్లెరోసిస్ ఉన్నవాళ్లను చూసుకునేవారికి నెలకు 1,000 రూపాయల భత్యం ప్రకటించారు. జిల్లా వికలచేతన (వికలాంగుల) సంక్షేమ అధికారి ఆఫీసులో ఆరైకెదారుల భత్యం అనే అడగండి. ప్రభుత్వ సేవలు గడువులోగా అందాలన్న కర్ణాటక సకాల చట్టం పరిధిలోని సేవ ఏదైనా సరే, దరఖాస్తు ఇచ్చాక 15 అంకెల జీఎస్సీ నంబరున్న రసీదు తీసుకోవాలి. గడువు దాటితే రోజుకు 20 రూపాయల చొప్పున 500 వరకు పరిహారం ఉంది. డబ్బు చిన్నదే. ఆ క్లెయిమ్ వేస్తే ఫైలు మాత్రం లేచి నడుస్తుంది.

ఆంధ్ర నుంచి అమ్మానాన్నలను తెచ్చుకున్నవాళ్లు ఆధార్ చిరునామా మార్చే ముందు ఆగండి. ఎన్టీఆర్ భరోసా కింద వృద్ధాప్య పింఛన్ 4,000, వికలాంగులకు 6,000, పూర్తిగా మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవాళ్లకు 15,000. ఇక్కడ కర్ణాటకలో వృద్ధులకిచ్చే సంధ్యా సురక్ష పింఛన్ 1,200. వికలాంగ పింఛన్ 75 శాతంలోపు 800, ఆపైన 1,400, బుద్ధిమాంద్యానికి 2,000. 1,000 రూపాయల భత్యం కోసం చిరునామా మార్చి 15,000 పోగొట్టుకోవడం ఏం లెక్క? అలాగని రెండు చోట్లా తీసుకోవడం నేరం, రికవరీ వస్తుంది. పిల్లవాడికి ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం లేదా బహుళ వైకల్యం ఉంటే నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ బీమా చూడండి, ఏడాదికి లక్ష రూపాయల దాకా ఉంటుంది.

పన్ను విషయం క్లుప్తంగా: పాత విధానంలో ఉన్నవాళ్లకు ఆధారపడ్డ వికలాంగుల కోసం 75,000, వైకల్యం 80 శాతం, ఆపైన ఉంటే 1,25,000 మినహాయింపు. ఖర్చు బిల్లులు అక్కర్లేదు, సర్టిఫికెట్ కావాలి. ఇన్నాళ్లూ 80డీడీ అన్నారు. 2025 కొత్త చట్టంలో సెక్షన్ నంబర్లు మారాయి కనుక ఆడిటర్‌ను నంబరుతో కాక విషయంతో అడగండి.

అన్నదమ్ముల వాటా, ఆఫీసు

ఒక్కరే మోస్తూ మిగతావాళ్లు పండక్కి వచ్చి పళ్లు ఇచ్చి పోతుంటే, ముందు గంటల పుస్తకం సారాంశం ఒక పేజీ ఫ్యామిలీ గ్రూపులో పెట్టండి. మాట ఒక్కటీ చేర్చకండి. అడగాల్సింది ఖచ్చితంగా అడగండి: "అన్నయ్యా, నెలకు 4,200 లేదా ప్రతి రెండో శనివారం ఉదయం నుంచి ఆదివారం రాత్రిదాకా నువ్వు." 12,600ను ముగ్గురికి పంచితే వచ్చేది అదే. "కొంచెం సాయం చేయండి" అంటే ఎవరూ చేయరు.

కుదరకపోతే 2007 చట్టం కింద ట్రిబ్యునల్ ఉంది, అసిస్టెంట్ కమిషనర్ దగ్గర. దరఖాస్తు మీ పేరుతో కాదు, అమ్మ పేరుతో వేయాలి. ఆమె వేయలేకపోతే ఆమె అధికారం ఇచ్చిన మనిషి వేయొచ్చు. అమ్మ ఉంటున్న జిల్లాలో వేయొచ్చు, పిల్లలు ఉంటున్న జిల్లాలోనూ వేయొచ్చు. నోటీసు అందాక 90 రోజుల్లో తేల్చాలి, కారణం రాసి ఇంకో 30 పొడిగించవచ్చు. నెలకు 10,000 వరకు ఇప్పిస్తారు. దీని తర్వాత సంక్రాంతికి ఒకే పంక్తిలో కూర్చోవడం కష్టమే, అది తెలిసే అడుగు వేయండి.

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు 2014 జూన్ 6, 2018 అక్టోబర్ 8 డీఓపీటీ (కేంద్ర సిబ్బంది శాఖ) ఉత్తర్వులున్నాయి. వికలాంగులైన కుటుంబ సభ్యుల్ని చూసుకునే ఉద్యోగిని మామూలు బదిలీల నుంచి మినహాయించాలని. బదిలీ ఉత్తర్వు వచ్చాక కాదు, అంతకు ముందే సర్టిఫికెట్ జత చేసి సర్వీసు రికార్డులో ఎక్కించండి. ప్రైవేటు, ఐటీ కంపెనీల్లో కుటుంబ సేవకు ప్రత్యేక సెలవు ఇవ్వాలన్న చట్టం మన దేశంలో లేదు. బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ నుంచి ఏడాదికి ఒక వారం, జీతం లేకుండానే అయినా, హక్కుగా ఉంది. మీ హెచ్ఆర్‌ను అడగాల్సింది: ఇంటి నుంచి పనిచేసే రోజులు ఏవో ముందే రాతలో, జీతం లేని సెలవులోనూ గ్రూప్ మెడికల్ బీమా ఆగకూడదని రాతలో. మేనేజర్ నోటి హామీ ఆయన టీమ్ మారేదాకానే.

నలుగురు కలిసి

ఏడుగురు దొరికితే చాలు. కర్ణాటక సొసైటీల చట్టం ప్రకారం నమోదుకు కావాల్సిందీ ఏడుగురే, కానీ మొదటి ఏడాది నమోదు జోలికి పోకండి. ఆడిట్లు, ఫారాలతోనే ఓపిక అయిపోతుంది. ఫిజియోథెరపీ గదుల బయట, డయాలసిస్ బెంచీల మీద, అపార్ట్‌మెంట్ తెలుగు గ్రూపుల్లో వెతకండి. మీటింగు ఉదయం 11 గంటలకు, 45 నిమిషాలు, ఫోన్ కాల్‌లో. ఆ టైముకు స్నానాలు, టిఫిన్లు అయి మధ్యాహ్నం గొట్టం వేళ ఇంకా రాదు. సాయంత్రం పెడితే సగం మంది రాలేరు, వచ్చినవాళ్లు మధ్యలో లేస్తారు.

ముందు ఒక ఆర్టీఐ, అంటే సమాచార హక్కు దరఖాస్తు. కర్ణాటకలో దరఖాస్తు ఒకే విషయం మీద, 150 పదాల లోపు ఉండాలన్న నియమం ఉంది. దాటితే వెనక్కి వస్తుంది. రుసుము 10 రూపాయలు. 30 రోజుల్లో జవాబు రాకపోతే మొదటి అప్పీలు. "ఎందుకు ఇవ్వలేదు" అని అడగకండి, రికార్డులో ఉన్నదే ఇస్తారు. "2024 ఏప్రిల్ 1 నుంచి నేటిదాకా బెంగళూరు నగర జిల్లాలో ఆరైకెదారుల భత్యానికి వచ్చిన దరఖాస్తుల సంఖ్య, మంజూరైనవి, తిరస్కరించినవి, పేర్లు కొట్టేసి తిరస్కరణ ఉత్తర్వుల నకళ్లు" అని అడగండి.

జవాబు చేతికొచ్చాక అర్జీ. కన్నడంలో, రెండు పేజీలు మించకుండా, కోరిక ఒక్కటే. భత్యం పెంచాలి, డే కేర్ పెట్టాలి, డిమెన్షియా చేర్చాలి, బస్సు పాసు ఇవ్వాలి అని పన్నెండు రాస్తే అధికారి అన్నిటికంటే చవకది ఎంచుకుని "పరిశీలిస్తున్నాం" అంటారు. మా ఓటు డిమెన్షియా చేర్చడానికే. చేతిలో తిరస్కరణ కాగితాలున్నాయి, చట్టంలో "వంటివి" ఉంది, పక్క రాష్ట్రం కేరళలో ఆశ్వాసకిరణం పథకం మంచాన పడ్డవాళ్లను చూసుకునేవారికి నెలకు 600 ఇస్తోంది. ఏడుగురి గంటల పుస్తకాల సారాంశం ఒక పట్టికగా జత చేయండి, పేర్లకు బదులు "ఇల్లు 1, ఇల్లు 2" అని.

అక్టోబర్ 29 ఐక్యరాజ్యసమితి ప్రకటించిన అంతర్జాతీయ సంరక్షణ, ఆసరా దినం. ఆ వారంలో ఇస్తే పత్రికలు పట్టించుకుంటాయి, శాఖల బడ్జెట్ ప్రతిపాదనలు కట్టేలోపూ చేరుతుంది. అర్జీ వికలచేతన, వృద్ధుల సబలీకరణ శాఖకు, నకలు రాష్ట్ర వికలాంగుల కమిషనర్‌కు, మీ ఎమ్మెల్యేకు. మూడు చోట్లా ఇన్‌వర్డ్ నంబరు, తేదీ వేయించుకోవాలి. కమిషనర్ సిఫార్సు చేస్తే శాఖ ఏం చేసిందో 3 నెలల్లో ఆయనకు చెప్పి తీరాలని చట్టం. అందుకే నకలుతో సరిపెట్టకుండా విడిగా ఫిర్యాదు కూడా ఇవ్వండి.

అందరూ కలిసి వెళ్లాలని పట్టుబట్టకండి. ఇద్దరు వెళ్తే చాలు. ఆ ఇద్దరి ఇళ్లలో ఆ మూడు గంటలు ఎవరుంటారో ముందురోజు రాత్రికే తేల్చుకోవాలి. మందుల చీటీ, గొట్టం వేళ, డాక్టర్ నంబరు ఫ్రిజ్ తలుపు మీద అంటించి, వచ్చిన మనిషికి ఒకసారి పక్క తిప్పి చూపించి బయల్దేరాలి.